మోత కారు, మొండి కోడలు

ఆ కారు వీధి మలుపు తిరక్కముందే ఇంట్లో టీకి నీళ్ళు పెట్టేసేవారు. అంత మోత దానిది. వెనక సీట్లు పీకేసి, సోఫా బట్ట తాన్లూ స్పాంజి షీట్లూ వేసుకోవడానికి వీలుగా చేసుకున్న పాత బండి. లోపలంతా వట్టి రేకు, దాని మీద నాలుగు పాత చాపలు. కదిలిందంటే చాలు, ఆ రేకంతా డబడబా కొట్టుకునేది. పొద్దున దుకాణానికీ సాయంత్రం ఇంటికీ అందులో తిరిగేది ఇద్దరే, చిన్నకోడలూ ఆమె మొగుడూ.

దుకాణమంటే సోఫాలకు కొత్త బట్ట వేసే దుకాణం. దాని పెత్తనమంతా బావగారిది, అంటే మొగుడి అన్నయ్యది. కత్తిరింపూ కుట్టూ మాత్రం చిన్నకోడలివి. సోఫా చుట్టూ ఒకసారి తిరిగి చూసిందంటే ఎంత బట్ట పడుతుందో టేపు పెట్టకుండానే చెప్పేస్తుంది. వచ్చినవాళ్ళు కుట్టు చూసి మెచ్చుకుంటే బావగారు "మా చెయ్యి అలాంటిదండీ" అని తన చెయ్యి చూపిస్తాడు. ఆ చేత్తో సూదిలో దారం ఎక్కించి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియాలి.

ఇలా ఉండగా, ఫర్నిచర్ షోరూం నడిపే ఒకావిడ చిన్నకోడల్ని పక్కకు పిలిచింది. "మా ముందు గది ఖాళీ అవుతోంది. సొంతంగా పని పెట్టుకుంటానంటే నీకే ఇస్తాను. నెలాఖరుకల్లా చెప్పు. లేదంటే ఇంకెవరికైనా ఇచ్చేస్తాను" అంది. చిన్నకోడలికి ఆ గది కావాలి. కావాలంటే మామూలుగా కాదు, కుట్టు మిషను ఏ కిటికీ పక్కన వేసుకోవాలో కూడా అప్పుడే అనేసుకుంది. ఇక మొగుడు ఊఁ అనాలి. ఉఁహూఁ అన్నా ఫర్వాలేదు, వాదించుకోవచ్చు. ముందు మాట ఆయన చెవిన పడాలి కదా.

ఇంట్లో చెప్పే వీల్లేదు. గోడలకు చెవులుంటాయంటారు, ఆ ఇంట్లో గోడే ప్లైవుడ్డు. ఇటు వీళ్ళు గుసగుసలాడితే అటునుంచి తోటికోడలు "ఇంకా పడుకోలేదా" అని పలకరిస్తుంది. హాల్లో టీవీ, దాని ముందు అత్తగారు. టీవీ వినపడక రోజూ సౌండు పెంచే మనిషికి కోడళ్ళ మాటలు మాత్రం వంటింట్లోంచి కూడా స్పష్టంగా వినపడతాయి. దుకాణంలో సంగతి సరేసరి, అక్కడ బావగారే ఉంటాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉండే చోటు ఈ లోకంలో ఆ కారొక్కటే.

కారులోనే చెప్పింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటీ? వినపడట్లేదు, ఇంటికెళ్ళాక చెప్పు" అన్నాడు. మర్నాడు గొంతు చించుకుని చెప్పింది. "ఈ డబ్బాలో ఏం వినపడుతుంది, తర్వాత చూద్దాం" అన్నాడు. పక్కకు ఆపించి చెప్పొచ్చుగా అని మీరనొచ్చు. ఆపమనీ అంది. "అన్నయ్య ఎదురుచూస్తుంటాడు" అని ఇంకాస్త తొక్కాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఇంకొకతె అయితే ఏడ్చి ఊరుకునేది. ఈమె ఏడవలేదు. మోతే అడ్డమైతే మోతే తీసేద్దాం అనుకుంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మొండిదైతే ఇక చెప్పేదేముంది.

దుకాణం సెలవు రోజు పొద్దున్నే కారులో పరిచిన పాత చాపలన్నీ లాగి బయట పడేసింది. వేలి కణుపుతో రేకు మీద తట్టింది. ఖంగుమంది. అప్పటికే ఫోనులో వీడియోలు చూసి తెలుసుకోవాల్సింది తెలుసుకుంది. రేకు ఊగితేనే మోగుతుంది, బరువైందేదైనా దాన్ని అంటిపెట్టుకుని ఉంటే ఊగదు. మరి ఏం అంటించాలి? కార్లకని ప్రత్యేకంగా అమ్మే షీట్ల ధర చూస్తే, ఆ డబ్బుతో ఈ కారే ఇంకోటి వచ్చేలా ఉంది. ఇంటి పైకప్పు కారితే అతికించే తారు పట్టీ, పైన వెండి కాగితం ఉండేది, చవగ్గా దొరికింది. అదే తెచ్చింది.

"అత్తయ్యా, అప్పడాల కర్ర ఒకసారి ఇస్తారా?"

"ఎందుకే?"

"కారుకు రుద్దాలి."

అత్తగారు కర్ర ఇచ్చింది గానీ, ఎందుకైనా మంచిదని కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

పట్టీ అతికించి, గాలి బుడగ లేకుండా కర్రతో ఒత్తుతుంటే మొగుడు వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడివన్నీ ఎందుకు? బండి నడుస్తోందిగా."

"నడుస్తోంది. మాట్లాడనివ్వట్లేదు."

"మాట్లాడుకోడానికి ఇల్లుందిగా."

ఆమె కర్రను ఇంకా గట్టిగా ఒత్తింది. మెత్తటి మనిషే, పల్లెత్తు మాట అనడు. అదే అతనితో వచ్చిన చిక్కు.

రెండు మూడు రోజులు బాగానే ఉంది. తర్వాత ఎండలు ముదిరాయి. దుకాణం ముందు మధ్యాహ్నమంతా ఎండలో నిలబడ్డ కారు తలుపు తీస్తే, కొత్త రోడ్డు వేస్తున్న వాసన గుప్పుమంది. పక్క రేకు మీద అతికించిన పట్టీలు కరిగి జారి, కింద ఉన్న మీగడ రంగు బట్ట తాను మీద నల్లగా కారాయి. మంచి బట్ట. ఒక ఇంటివాళ్ళు ఏరి కోరి తెప్పించుకున్నది.

బావగారు తానును ఎత్తి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. "కారుకు పరుపేసింది మా మరదలు. రేపు టైర్లకు చెప్పులు కుట్టిస్తుంది" అన్నాడు. దుకాణానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. ఇంటికొస్తే అత్తగారు, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది. మొగుడు మాత్రం తిట్టలేదు. "పోనీలే, వదిలెయ్. ఉన్నదాంతో సర్దుకుందాం" అన్నాడు. ఆ గొంతులో ఏదో నిశ్చింత ఉన్నట్టు చిన్నకోడలికి అనిపించింది గానీ, దాని గురించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

తారు అతికించడం ఒక ఎత్తు, గీకడం పది ఎత్తులు. ఎండ తగ్గాక రోజూ కాసేపు కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి, రంగులేసేవాళ్ళ రేకు బద్దతో గీకింది. గీకేకొద్దీ చేతికీ మోచేతికీ అంటుకుంది. గోళ్ళలో దూరింది. ఒక సాయంత్రం నిజంగానే ఏడుపొచ్చింది. తారు చేతులతో కళ్ళు తుడుచుకోలేక ఏడుపు మానేసింది.

ఈసారి చవక అన్న మాటకు పడిపోకుండా, కారు అద్దాలు బిగించేవాడి దగ్గరికి వెళ్ళి అడిగింది. "ఎండకు కరగంది ఏదైనా ఉందా?" అతను నల్లటి రబ్బరు జిగురు పట్టీ చూపించాడు. బ్యూటైల్ అంటారట. తారు కన్నా ధర ఎక్కువే. కానీ కారంతా అతికించక్కర్లేదని ఈసరికి ఆమెకు తెలిసిపోయింది. డప్పు మధ్యలో అరచెయ్యి ఆనిస్తే చాలు, డప్పంతా ఊరుకుంటుంది. అలాగే ప్రతి రేకుకూ నడిమధ్యన ఒక ముక్క వేసి ఒత్తింది. తట్టి చూస్తే ఖంగుమనే రేకు టప్‌మంది.

ఇక ఆ తర్వాతది ఆమె సొంత విద్య. కారు నేలకు కాగితం పరిచి, సోఫాకు కొలత తీసినట్టు మూలమూలకూ కొలత తీసింది. దుకాణంలో పారేసే దళసరి ఫెల్టు గుడ్డ ముక్కలు ఏరి, జోడించి కుట్టి, ఒక్క ముక్కలా అమర్చింది. తలుపుల అడుగున నీళ్ళు పోయే కన్నాలను మాత్రం మూయకుండా వదిలింది, లేకపోతే వానాకాలంలో తలుపులే చెరువులవుతాయి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూసింది. కాగితం ఊరికే జారి వచ్చిన చోటల్లా రబ్బరు అంచు వేసింది.

పెద్ద మోత చచ్చింది. ఇన్నాళ్ళూ దాని చాటున దాక్కున్న చిన్న మోతలన్నీ బయటపడ్డాయి. ఎక్కడో కిటకిట, ఇంకెక్కడో టిక్కుటిక్కు. మొగుణ్ణి బండి నడపమని, తను వెనకాల బట్ట తాన్ల మధ్య పడుకుని, రేకుకు చెవి ఆనించి వింది. ఎదురొచ్చేవాళ్ళు చూసి ఏమనుకుంటారోనని ఆయన సిగ్గుతో చచ్చిపోతుంటే, "మెల్లగా పోనివ్వండి, దొంగ ఇక్కడే ఉన్నాడు" అంది. జాకీ పెట్టె మూతలో ఒక బోల్టు దొరికింది. దాన్నీ తీసేసింది.

అదిగో, అప్పటినుంచి మొగుడు కిటికీ అద్దం దించడం మొదలుపెట్టాడు. గాలి కోసమట. ఎప్పుడూ పెట్టని రేడియో కూడా పెట్టాడు. కారు మోత ఎంత తగ్గితే ఆయన అంత కంగారు పడుతున్నాడు. అది చూసి చిన్నకోడలి మనసులో ఒక అనుమానం ముల్లులా గుచ్చుకుంది.

నెలాఖరు రోజు పొద్దున కారెక్కగానే రేడియో ఆపేసింది. "అద్దం ఎత్తండి" అంది.

"గాలి రావాలి కదా."

"గాలి తర్వాత వస్తుంది. ఎత్తండి."

ఆయన పిడి తిప్పి అద్దం ఎత్తాడు. కారు పూర్తిగా మూగదయిందని చెబితే అబద్ధం. పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నంత చప్పుడు మిగిలే ఉంది. మాటకు మాత్రం అడ్డం రావట్లేదు. చిన్నకోడలు గొంతు పెంచకుండా, మామూలుగా చెప్పింది.

"షోరూం ముందు గది నాకిస్తామన్నారు. జవాబు ఇవాళ చెప్పాలి. నేను సొంతంగా పని పెట్టుకుంటాను. మీరేమంటారు?"

ఆయన ఏంటీ అనలేదు. ముందు పోతున్న లారీ వెనకాలే వేగం తగ్గించాడు. తర్వాత, "మొదటిసారి చెప్పినప్పుడే వినపడింది" అన్నాడు.

చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఆ తారు, ఆ కిరసనాయిలు, నలుగురిలో ఆ నవ్వులు, ఇవన్నీ చూస్తూ పక్కనే ఊరుకున్నాడు కదా ఈ మనిషి. "విని కూడా ఊరుకున్నారా?" అంది.

"అన్నయ్యకేం చెప్పను? నాన్న పోయాక నన్ను పెంచింది ఆయన. ఎదురుగా నిలబడితే నాకు నోరు పెగలదు. వినపడలేదంటే కొన్నాళ్ళు గడుస్తుందనుకున్నా." గేరు మార్చి, "నువ్వు కారే విప్పేస్తావని నాకేం తెలుసు" అన్నాడు.

ఆమెకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కోపాన్నే ఉంచుకుంది. "గది మీకిష్టమా కాదా, అది చెప్పండి ముందు."

"ఇష్టమే. నీ పనికి నీ పేరుంటే నాకు కాదా?"

"అయితే బావగారితో నేను చెప్తాను. మీరు పక్కన నిలబడండి చాలు. కానీ ఆయన మిమ్మల్ని అడిగితే మాత్రం దాక్కోకండి. దాక్కుంటే ఈ కారు నేనింక ఎక్కను. నడిచి పోతాను."

ఆయన తల ఊపాడు. ఆ తల ఊపు మీద ఆమెకు పెద్ద నమ్మకం కలగలేదు.

దుకాణంలో బావగారు పిన్నులు కొట్టే గన్ను పట్టుకుని ఒక కుర్చీ మీద వంగి ఉన్నాడు. దానికి గాలి ఎక్కించే కంప్రెసరు మూలన గడగడలాడుతోంది. చిన్నకోడలు ఆయనకు దగ్గరగా వెళ్ళి, గది సంగతీ, రేపటి నుంచి తను అక్కడ పని చేసుకుంటానన్న సంగతీ చెప్పింది. ఆయన ఆమె వంక చూడనైనా చూడలేదు. తమ్ముడి వైపు తిరిగి, "ఏరా, మీ ఆవిడ ఏదో అంటోంది. నువ్వేమంటావ్?" అని గట్టిగా అడిగాడు.

మొగుడి పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు. ఏమన్నాడో పక్కనున్న ఆమెకే తెలియలేదు, కంప్రెసరు మింగేసింది. చెప్పానన్న పేరూ దక్కింది, చెప్పకుండా తప్పించుకున్న సుఖమూ దక్కింది. బావగారు కూడా రెట్టించి అడగలేదు. అక్కడితో అయిపోయిందన్నట్టు మళ్ళీ కుర్చీ మీదకు వంగాడు. ఈ మోతను తీయడం మాత్రం తన వల్ల కాదని చిన్నకోడలికి తెలుసు. చేతిసంచీ తీసుకుని గుమ్మం వైపు తిరిగింది.

రెండడుగులు వేసిందో లేదో, వెనక గడగడ ఆగిపోయింది. తిరిగి చూస్తే మొగుడు మూలన గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా స్విచ్చు మీదే ఉంది. ముఖమంతా చెమట. బావగారు గన్ను పట్టుకుని తల ఎత్తాడు.

"ఆ గది తీసుకుంటోంది, అన్నయ్యా. నేనే తీసుకోమన్నాను" అన్నాడు మొగుడు. ప్రతి మాటా వినపడింది. "కత్తిరింపుకు మనం ఇంకో మనిషిని చూసుకోవాలి."