ఇంట్లో కూర్చుని చూసిన గండికోట

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఆరేళ్ల వయసులో. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను, నాలుగు వరుసలు రాసేసరికి పొద్దు వాలిపోతుంది. చదివేవాళ్లు ఓర్చుకోవాలి. ఇంకొకటి, ‘నేను’ అని మొదలుపెడితే నాకు చెయ్యి కదలడం లేదు. అందుకని నా సంగతినే ‘గురమ్మ’ సంగతిగా రాస్తున్నాను. ఆమె అయితే నా కంటే కొంచెం ధైర్యంగా మాట్లాడుతుంది.

రెండువేల ఎనిమిది, ఎండలు ఇంకా ముదరని మాసం. జమ్మలమడుగులో ఆ ఇంటి నడవలో కూర్చుని గురమ్మ కండెలు చుడుతూ ఉంది. చిలప అనే నూలు కట్టలోంచి దారం లాగి, రాట్నం తిప్పి, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న కండెలకు చుట్టడం ఆమె పని. పదిహేనేళ్ల వయసులో ఈ ఇంటికి వచ్చిన మూడో రోజున అత్త ఆ రాట్నం ముందు కూర్చోబెట్టింది. కండె ఎంతసేపో రాదు, మగ్గం ఆడినంతసేపూ రాట్నం తిరుగుతూనే ఉండాలి. అయినా ఎవరైనా అడిగితే ఆ ఇంట్లో నేసేది ఒకరేనని చెబుతారు. అప్పుడు ఆ ఒకరు ఆమె మొగుడు రామప్ప. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఆ ఒకరు కొడుకు ఉమామహేశ్వర.

ఉమామహేశ్వర చీరల మీద పూల డిజైన్లు గీయడానికి పాత కంప్యూటరు ఒకటి కొన్నాడు. ఫోను వైరుకే నెట్టు పెట్టించాడు. డిజైన్ల పని సగం, లోకం చూసే పని సగం. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు తీసిన ఫోటోలంట, పేరు కొడితే చాలు భూమి గిర్రున తిరిగి ఆ ఊరి మీద ఆగుతుంది. ఆ రోజు ప్రొద్దుటూరి నుంచి చీరల వ్యాపారి కేశవయ్య, ఆయన భార్య ప్రమీలమ్మ వచ్చారు. వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి ఉమామహేశ్వర దేశాలన్నీ తిప్పాడు. గురమ్మ మజ్జిగ గ్లాసులు అందిస్తూ వాళ్ల భుజాల మీంచి చూసింది. తాజ్‌మహలు పైనుంచి చూస్తే తెల్లటి పీట మాదిరి ఉంది. ఐగుప్తు పిరమిడ్లు నాలుగు మడతలు వేసిన ఆకుల్లా ఉన్నాయి. నయాగరా జలపాతమంటే అన్నం పొంగి పొయ్యి మీద పడినట్టు తెల్లటి నురుగు, అంతే. చైనా గోడ ఎంత వెతికినా దొరకలేదు.

“ఇంత పెద్ద గోడ యాడికి పాయెరా?” అని కేశవయ్య నవ్వాడు.

ప్రమీలమ్మ గ్లాసు కింద పెడుతూ ఊరికే అడిగినట్టు అడిగింది. “అవన్నీ ఎందుకుగానీ గురమ్మా, నీకు గండికోట పక్కనే కదా. లోయ బాగుంటాదంట, మా ఆయన మీ ఆయనతో రెండు మూడు సార్లు పోయినాడు. నాకు ఎండ పడదు. నువ్వు శానాసార్లు చూసింటావు?”

గురమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుంది. ఇంటి నుంచి పది మైళ్లు. ఈ ఇంటికి వచ్చి నలభై రెండేళ్లు. ఒక్కసారీ చూడలేదు.

చూడకపోవడానికి కారణం అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. ఎవరూ కట్టేసి ఉంచలేదు. రామప్ప చెడ్డవాడు కాదు, తాగేవాడు కాదు, చెయ్యి ఎత్తింది తక్కువ. షావుకార్లు వచ్చినా, చుట్టాలు వచ్చినా, వాళ్లను గండికోటకు తీసుకపోవడం ఆయనకు గొప్ప. ఆ రోజుల్లో గురమ్మ కోడి కూయకముందే లేచి చిత్రాన్నం కలిపేది, అలసంద వడలు కాల్చేది, పెరుగన్నంలో అల్లం తురిమేది, అన్నీ గిన్నెలకు సర్ది గుడ్డలు కట్టేది. జీపు కదిలాక మళ్లీ రాట్నం ముందు కూర్చునేది. పెళ్లయిన కొత్తల్లో ఒకసారి అడిగింది, “నేనూ రానా?” అని. “ఆడ ఏముండాదే? రాళ్లు, ఎండ. నీకు తల నొస్తాది,” అన్నాడు రామప్ప. సాయంత్రం తిరిగొచ్చాక అదే మనిషి అరుగు మీద కూర్చుని చుట్టాలతో, “దాన్ని చూడని కండ్లు కండ్లే కాదప్పా!” అన్నాడు. గురమ్మ అప్పుడు వాళ్లకు రెండోసారి అన్నం వడ్డిస్తూ ఉంది. ఆయనకు ఆమె కండ్లు గుర్తుకు రాలేదు. రెండోసారి ఆడవాళ్లందరూ పోవాలని బయలుదేరిన రోజున మగ్గానికి ఎక్కించే పొడుగు దారాల పడుగు వచ్చింది. దానికి గంజి పెట్టి, వీధిలో సాగదీసి, ఆరేలోపల చిక్కులు తీయాలి. ఎవరో ఒకరు ఆగాలి కదా అన్నారు. ఆ ఎవరో ఒకరు ఎవరో అడగవలసిన పనే లేకపోయింది. అట్లా ఒక్కొక్క ఏడాది ఒక్కొక్క కారణంతో జరిగిపోయింది. జీపులు పోయేవి, వచ్చేవి. గిన్నెలు ఖాళీగా వచ్చేవి, అడుగున మాడిన ఆవాలు మాత్రం మిగిలేవి. వాటిని తోముతూ ఆమె తలలో ఒక లోయను కట్టుకునేది. ఎట్లా ఉంటుందో తెలియదు కాబట్టి రోజుకొక రకంగా కట్టుకునేది.

కేశవయ్యా ప్రమీలమ్మా పోయాక గురమ్మ కొడుకు పక్కకు వచ్చి నిలబడింది.

“రేయ్, గండికోట చూపీరా.”

“ఓ, దాందేముండాది!” ఉమామహేశ్వర పేరు కొట్టాడు. బొమ్మ ముందు మసకగా వచ్చింది, తర్వాత ముక్కలు ముక్కలుగా తేటపడింది. ఎర్రటి నేల. కోట గోడలు సన్నటి అంచు మాదిరి. నేల మధ్యలో వంపులు తిరుగుతూ పొడుగాటి గట్టు ఒకటి లేచి ఉంది. ఆ గట్టు నెత్తి మీద పచ్చటి నీటి చార.

“ఇదేందిరా, నీళ్లు మిట్ట మీద పోతాండాయి?”

ఉమామహేశ్వర పడిపడి నవ్వాడు. “మిట్ట కాదుమా, అది గుంత! లోయ! పెన్నేరు అడుగున పోతాది.”

“నా కండ్లకు మిట్టే కనపడతాండాది.”

“అత్త చెప్పింది నిజమే,” అంది కోడలు లక్ష్మీదుర్గ, చంకలో పాపతో తొంగిచూస్తూ. “నాకూ గోడ మాదిరే ఉండాది.”

“నీడలు పడినాయి, అందుకని తిరగబడి కనపడతాది. మీ ఇద్దరికీ ఒకటే కండ్లు,” అని అతను బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. ఎంత తిప్పినా గురమ్మకు లోయ పైకి లేచే కనిపించింది. “సరే పో. ఏదైతేనేం, చూసినావు కదా. మా నాయన కూడా ఇంత ఎత్తు నుంచి చూసిండడు.”

ఆ రాత్రి ఆమె ‘చూసినావు కదా’ అన్న ఆ మాటనే తలలో తిప్పుకుంది. ఆ ఇంట్లో చీరను తిరగేసి నేస్తారు. పూవు ముఖం కిందికి ఉంటుంది, నేసేవాడికి కనిపించేదంతా వెనక వైపు దారాలే. పూవు సరిగ్గా పడుతున్నదో లేదో తెలియాలంటే మగ్గం కింద కాళ్లు పెట్టే గుంతలోకి అద్దం దించి చూడాలి. రామప్ప నేసినన్నాళ్లు ఆ అద్దం పట్టుకున్నది గురమ్మే. పైనుంచి కనిపించేదే అసలు అని ఆమెకు ఎవరు చెప్పినా నమ్మదు. ఈ బొమ్మలో ఆమె చూసింది గండికోట వెనక వైపు. నలభై రెండేళ్లు ఆగింది దీనికోసమా?

ఆ వారం చివర ఆమె అడిగింది, “ఆదివారం నన్ను ఆడికి తీసకపోతావా నాయనా?”

“మొన్ననే చూపిస్తి కదమ్మా!”

“అది చూసినట్టు గాదు.”

“మల్లా చూపిస్తా రా. పది సార్లు చూపిస్తా. కూసో.”

కూర్చుంది. చూసింది. అదే గట్టు, అదే నీటి చార. మర్నాడు ఉమామహేశ్వర ఆ బొమ్మనే కంప్యూటరు తెర మీద ఎప్పుడూ ఉండేట్టు పెట్టాడు. “నీకోసమే పెట్టినామ్మా. రోజూ చూసుకో, నీ ఇష్టం వచ్చినంతసేపు,” అన్నాడు ప్రేమగా. నిజంగా ప్రేమగానే అన్నాడు. అందుకే గురమ్మకు కోపం కూడా సరిగ్గా రాలేదు. వీధిలో వాళ్లు మాత్రం ఆట పట్టించారు. “ఏం గురమ్మత్తా, చాపేసుకోని గండికోట చూస్తాండావంటనే? బస్సు చార్జీ మిగిలె!”

చదువు చెప్పే రాహేలమ్మతో ఒక మధ్యాహ్నం చెప్పుకుంది. చర్చి వరండాలో పదిమంది ఆడవాళ్లకు పలకలిచ్చి అక్షరాలు నేర్పేది ఆమే. రాహేలమ్మ బోధలు చేసే మనిషి కాదు. “బస్టాండులో బోర్డు చదవగలవా?” అని మాత్రం అడిగింది. గురమ్మ పలక మీద ‘గండికోట’ అని రాసి చూపించింది. డ మీద గుడి మొదట మరిచిపోయి, తర్వాత పెట్టింది. “మరింకేం?” అంది రాహేలమ్మ.

మరింకేం అంటే ఏం చెప్పాలి? అయినా గురమ్మ పోలేదు. మగ్గం ఆగుతుంది. పాపకు జ్వరం. చీర ఇచ్చే గడువు. తీరా చూస్తే కారణాలన్నీ ఆమెకే నోటికి వచ్చేశాయి, వేరే వాళ్లు చెప్పే పని కూడా లేకుండా.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం లక్ష్మీదుర్గ కంప్యూటరు మీద దుమ్ము తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. గుడ్డ చేతిలోనే ఉంది. తెర మీది బొమ్మను చూస్తూ, “అత్తా,” అంది, “మనిద్దరమూ ఒకసారి పోయొస్తామా?”

గురమ్మ రాట్నం ఆపకుండానే అంది, “ఆడ ఏముండాదే? రాళ్లు, ఎండ. నీకు తల నొస్తాది.”

లక్ష్మీదుర్గ గుడ్డ దులుపుకొని వంటింట్లోకి పోయింది.

గురమ్మ చెయ్యి ఆగింది. దారం తెగింది. ఆ మాట రామప్పది. అక్షరం పొల్లుపోకుండా, ఆ విసుగుతో సహా ఆయనదే. ఆయన పోయాడు, ఆ మాట పోలేదు. నలభై రెండేళ్లు లోపల దాచిపెట్టి, ఇప్పుడు తీసి, ఇరవై నాలుగేళ్ల పిల్ల చేతిలో పెట్టింది. తన అత్త తనకు రాట్నం ఇచ్చినట్టే. ఆ పిల్ల కూడా ఇంక అడగదు. ఒకసారి అడిగి ఊరుకున్నవాళ్లు మళ్లీ అడగరని గురమ్మకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున ఆమె తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని, చెప్పులు వేసుకుంది.

“యాడికి పోతాండావు?” అని మగ్గం గుంతలోంచే అడిగాడు ఉమామహేశ్వర.

“గండికోటకు.”

“ఎవరితో?”

“బస్సులో.”

“ఇదేం పిచ్చిమా? కండెలెవరు చుడతారు? మగ్గం నిలబడిపోతాది.”

“నిలబడనీ. ఒక పొద్దు నిలబడితే దానికి కాళ్లు నొస్తాయా?”

బస్టాండులో మూడు బస్సుల బోర్డులు చదివి, నాలుగోది ఎక్కింది. గండికోట ఊళ్లో దిగి, కోట వాకిలి దాటి, మసీదు పక్కగా, పాడుబడిన గుడి వెనకగా, ఇంటి గోడలంత బండల మధ్యన నడిచింది. చెప్పులు జారుతుంటే చేతిలో పట్టుకుంది. ఒకచోట నేల అయిపోయింది.

నిజంగానే అయిపోయింది. ఒక అడుగు ముందు బండ, ఆ తర్వాత ఏమీ లేదు. గురమ్మ గబుక్కున కూర్చుని, రెండు చేతులతో బండను పట్టుకుని, మెడ చాచింది. ఎవరో కోసి దొంతులు పెట్టినట్టు ఎర్రటి రాళ్లు, కిందికి, ఇంకా కిందికి. అడుగున పెన్నేరు కదులుతున్నదో లేదో తెలియకుండా పచ్చగా పడుకొని ఉంది. కింద నుంచి గాలి వచ్చి కొంగును ముఖం మీదికి ఎగరేసింది. ఏవో పక్షులు ఎగురుతున్నాయి, ఆమెకు కింద. పక్షుల వీపులు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎండ పడి మెరుస్తున్నాయి.

రామప్ప ఇక్కడే ఎక్కడో కూర్చుని చిత్రాన్నం తిని ఉంటాడు. ఇంత చూసి, వడ రుచి చెప్పాడే గానీ ఈ పక్షుల సంగతి ఒక్కనాడూ చెప్పలేదు. ఆయన మీద కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఆయన తనను పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఆ దిగులు ఎంతసేపటికీ పోలేదు. తనకోసం అన్నం కట్టుకోవడం మరిచిపోయి వచ్చింది. ఊళ్లో అంగట్లో కొన్న బొరుగులు తింటూ, కాళ్లు చాపుకొని, ఎవరికీ ఏమీ వడ్డించకుండా, బస్సు వేళదాకా చూసింది.

దారి పొడుగునా బస్సులో మాటలు కూర్చుకుంది. లోయ ఎట్లా మొదలవుతుందో, గాలి కింద నుంచి ఎట్లా వస్తుందో, ఆ పక్షులు.

ఇంటికి వచ్చేసరికి ఉమామహేశ్వర ముఖం తిప్పుకున్నాడు. నడవలో లక్ష్మీదుర్గ ఒళ్లో పాపను పడుకోబెట్టుకుని ఉంది. అత్తను చూడగానే ఆమె గొంతు తగ్గించి, ఆత్రంగా అడిగింది. “ఎట్లుండాది అత్తా? మొత్తం చెప్పు, ఏదీ ఇడిసిపెట్టగాకు.”

గురమ్మ నోరు తెరిచింది. మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. కోడలి ముఖంలోకి చూసి, మళ్లీ మూసుకుంది.

“చెప్పను.”

లక్ష్మీదుర్గ ముఖం చిన్నబోయింది.

“రేపు ఎనిమిదింటికి బస్సుంది,” అంది గురమ్మ, పాపను తన ఒళ్లోకి తీసుకుంటూ. “ఇంట్లో నేనుంటా. నువ్వు పోయి చూసుకోని రా.”

— గురమ్మ, అరవై ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది జమ్మలమడుగులోనే, కొడుకు, కోడలు, మనవరాలి దగ్గర.