సందు వైపు గోడ

"బార్ పక్కనైతే ఏందే? మనమేమన్నా బార్లోకి పోయి కూర్చుంటామా?" అంది సుబ్బరత్నం, గోరుచిక్కుడు కాయల ఈనెలు తీస్తూ. తీస్తూ అంటే, ఒక కాయ తీసి నాలుగు కాయలు కోడలి వైపు తోస్తూ.

అపర్ణ ఆ నాలుగూ అందుకుని ఈనెలు తీసింది. పది రోజులుగా ఆ అద్దె ఇంట్లో ఇదే మాట. నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక వీధిలో రెండు పడగ్గదుల డాబా ఇల్లు అమ్మకానికొచ్చింది. చుట్టుపక్కల ధరలో మూడో వంతు తక్కువకే ఇస్తామంటున్నారు. ఎందుకిస్తామంటున్నారో కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. ఇంటిని ఆనుకుని ఒక సందు, సందు అవతల మూడంతస్తుల బార్ అండ్ రెస్టారెంట్. కొనాలని మొదట మనసు పడ్డది అపర్ణ భర్త కిరణ్ కుమార్. అతనిది పురుగుమందుల కొట్టు. కాగితాల మీద ఆదాయం చూపించడు కాబట్టి బ్యాంకు అతని మొహం చూడదు. అపర్ణ ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. లోన్ ఆమె జీతం మీద రావాలి, సంతకం ఆమె పెట్టాలి. అందుకని అందరూ "నీ ఇల్లే కదా" అంటున్నారు గానీ, నీకు నచ్చిందా అని ఒక్కరు కూడా అడగలేదు.

వాస్తు సిద్ధాంతిని మాత్రం అడిగారు. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, ఈశాన్యం దివ్యంగా ఉందన్నాడు. ధైర్యం చేసి అపర్ణే బార్ సంగతి ఎత్తింది. ఆయన దిక్సూచి మరోసారి చూసుకుని, అది సరిగ్గా నైరుతిలో పడిందనీ, నైరుతిలో ఎంత ఎత్తు, ఎంత బరువు ఉంటే ఇంటికి అంత మేలనీ, అలాంటి బార్ అందరికీ దొరకదనీ తేల్చేశాడు. కిరణ్ కుమార్ మొహం వెలిగిపోయింది. తాగి వాంతులు చేసుకునే బరువు కూడా నైరుతి బరువు కిందే లెక్కా అని అడగాలనిపించింది ఆమెకి. కానీ దక్షిణ పళ్లెంలో పెట్టి తనే ఇచ్చింది, ఆ తర్వాత చాలాసేపు తన మీద తనకే రోత పుట్టింది.

అపర్ణకి అసలు భయం కూతురు చందన గురించి. ఆ పిల్లకి పదమూడేళ్లు. ట్యూషన్ నుంచి సాయంత్రం ఏడింటికి ఆ బార్ ముందు నించే నడిచి రావాలి. ఆ మాటంటే అత్తగారు, ఆడపిల్ల తల దించుకుని పోతే ఎవుడేం చేస్తాడంది. కిరణ్ కుమార్ కాస్త మెత్తగా, రోజూ పోయి తెచ్చుకుందాం లే అన్నాడు. ఇంటర్ చదివే నాటికి పిల్లని ఎవరు తెచ్చుకుంటూ ఉంటారో అపర్ణకి తెలుసు. ఆ ఇంట్లో తెచ్చుకుందాం, చేసుకుందాం, సర్దుకుందాం అన్న ప్రతి పనీ చివరికి ఆమె చేతికే వచ్చేది.

ఆ ఆదివారం దశమి, మంచి రోజు. పదకొండు లోపు బయానా ఇచ్చేయాలని ముగ్గురూ బయల్దేరారు. అమ్మే ఆయన గోపాలరావు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వీళ్లని చూడగానే డాబా మీదికెక్కితే కోటప్పకొండ కనిపిస్తుందని మొదలుపెట్టి, బోరు నీళ్ల తీపి దాకా వచ్చాడు. సందు వైపు గోడ సంగతి కిరణ్ కుమారే కదిపాడు. దానిదేముంది, దేవుళ్ల బొమ్మల టైల్స్ అంటించాను, అన్ని మతాలవీ ఉన్నాయి, భయపడి ఎవడూ ఆ ఛాయలకి రాడన్నాడు గోపాలరావు. ఇంకో వరుస మనం కూడా అంటిస్తే సరిపోతుందని కిరణ్ కుమార్ తలూపాడు.

కాఫీ కలపడానికి గోపాలరావు భార్య ప్రమీలమ్మ వంటింట్లోకి వెళితే అపర్ణ వెనకాలే వెళ్లింది. పట్టపగలు అక్కడ లైటు వెలుగుతోంది. కిటికీ ఉండాల్సిన చోట ప్లైవుడ్ చెక్క మేకులు కొట్టి ఉంది. ఫినాయిలు, బ్లీచింగు పౌడరు వాసన. ఆ రెంటి అడుగున ఇంకో వాసన. రోజుకి అరవై యూరిన్ శాంపిళ్లు చేత్తో పట్టుకునే మనిషి అపర్ణ. ఆమెకి అంత తేలిగ్గా వాంతి రాదు. అక్కడ మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ప్రమీలమ్మ అది చూసింది. పొయ్యి మంట తగ్గించి, హాల్లోకి ఒకసారి తొంగి చూసి, గొంతు దించింది.

"రోజూ తెల్లారి ఐదింటికి లేచి ఆ గోడ కడుగుతానమ్మా. పదకొండేళ్లయింది. డాబా మీద వడియాలు పెట్టి కూడా పదకొండేళ్లయింది. పై అంతస్తు కిటికీల్లోంచి ఏందేందో కూస్తారు. మా అమ్మాయి పెళ్లయి పోయిందాకా బట్టలు గదిలోనే ఆరేసుకుంది. నేను చెప్పానని చెప్పమాక."

"చెప్పను పిన్నీ. మరి మేం కొనకపోతే మీరెట్టా?"

"నువ్వు కొంటే నేను బయటపడతా. కొనకపోతే ఇందులోనే ఉంటా. అయినా నీకూ ఒక ఆడపిల్లుందంట గదా, నోరు ఊరుకోలా."

కాఫీ గ్లాసు ముట్టుకోకుండా అపర్ణ మెట్లెక్కి డాబా మీదికి పోయింది. కోటప్పకొండ నిజంగానే కనిపిస్తోంది. పక్కనే బార్ వెనక గదుల కిటికీలు, పొద్దున పూట కాబట్టి మూసి ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక పిట్టగోడ మీద చేతులానించి సందులోకి చూసింది. గోడ పొడుగునా టైల్స్, వాటి మధ్య మధ్యలో పసుప్పచ్చ చారలు. మనుషులు దేవుళ్లని తప్పించి, ఖాళీ చూసుకుని మరీ పోశారు. ఇంత భక్తి ఉన్నవాళ్లు గోడ అవతల ఒక ఆడమనిషి వంట చేసుకుంటోందని మాత్రం తలుచుకోలేదు. ఛీ అనుకుంది. తాగుబోతు వెధవలు, సిగ్గూ శరం లేని జాతి అనుకుంది.

అప్పుడే గేటు తీసుకుని కిరణ్ కుమార్ బయటికొచ్చాడు. సెల్‌ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎవరితోనో మిరప మందుల స్టాకు గురించి మాట్లాడుతూ సందులోకి తిరిగాడు. అటూ ఇటూ చూడనైనా లేదు. రెండు టైల్స్ మధ్య ఖాళీ చూసుకుని నిలబడ్డాడు. మాట ఆపకుండానే పని కానిచ్చి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. హాలు పక్కనే బాత్రూం ఉంది. అరగంట క్రితం దాని తలుపు తీసి, టైల్స్ బాగున్నాయని మెచ్చుకున్నది కూడా అతనే.

ఇంతసేపూ అపర్ణ తాగుబోతుల్ని తిట్టుకుంది. ఈయన తాగడు. చుట్టాలందరిలో బుద్ధిమంతుడని పేరు. పదిహేనేళ్లుగా ఈ బుద్ధిమంతుడు వాడి వచ్చిన బాత్రూంలో ప్రతిసారీ రెండు చెంబులు నీళ్లు పోసి, చీపురుతో రుద్ది, తర్వాత తను వాడుకుంది. కొంచెం చూసుకోండి అంటే, మగాళ్లకి అట్టాగే ఉంటదిలే అని నవ్వేవాడు. మాచర్లలోని పుట్టింటికి కారులో పోయిన ప్రతిసారీ అతను చెట్టు కనిపించిన చోటల్లా ఆపేవాడు. తను మాత్రం బయల్దేరేముందు నుంచే నీళ్లు తాగడం మానేసి, పొత్తికడుపు రాయిలా బిగబట్టుకుని కూర్చునేది. ఎక్కడైనా ఆపమంటే, ఆడాళ్లతో ప్రయాణమంటే ఇదే గోల అని విసుక్కునేవాడు. అలా బిగబట్టీ బిగబట్టీ మంటలు, చలిజ్వరాలు. తన శాంపిల్ తనే మైక్రోస్కోపు కింద పెట్టుకుని, నిండా చీముకణాలు కనిపిస్తే, పక్క టెక్నీషియన్ ఫర్హీన్‌కి కూడా చెప్పకుండా మాత్రలు మింగిన రోజులు ఎన్నో. ఊరంతా ఈయనకి గోడే. ఆ గోడలు కడిగే ఆడవాళ్లెవరో ఆయనకి తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు. అపర్ణ కిందికి దిగింది.

హాల్లో పళ్లెం సిద్ధంగా ఉంది. తమలపాకులు, వక్కలు, పసుపు కుంకుమ, పైన బయానా కవరు. ఇల్లాలి చేతి మీదుగా ఇస్తే కలిసొస్తుందని సుబ్బరత్నం అంటోంది. కిరణ్ కుమార్ అదే చేత్తో ఆకులు సర్ది, పళ్లెం ఎత్తి భార్య ముందు పట్టుకున్నాడు. అపర్ణ చేతులు చాపలేదు.

"ముందు చెయ్యి కడుక్కోండి."

"ఏమైంది ఇప్పుడు?"

"నేను డాబా మీదున్నా. చూశా."

కిరణ్ కుమార్ మొహంలో సిగ్గు కోసం చూసింది ఆమె. ఒక్క క్షణం ఉన్నట్టే అనిపించి, నవ్వులోకి జారిపోయింది.

"అందరూ పోసే గోడే కదే. నేనొక్కణ్ని పోస్తే కొత్తగా ఏం చెడింది?"

అపర్ణ ఇక ఆయన వైపు చూడలేదు. గోపాలరావు వైపు తిరిగి, ఈ లోన్‌కి తను సంతకం పెట్టడం లేదని, వాళ్ల టైము పాడుచేసినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పింది. గోపాలరావు కంగారుగా ధర ఇంకొంచెం తగ్గిస్తానన్నాడు. కిరణ్ కుమార్ నలుగురిలో పరువు తియ్యమాక అని పళ్లు బిగించాడు. ఈ గొడవలో వంటింటి గుమ్మంలో నిలబడ్డ ప్రమీలమ్మ ఎప్పుడు లోపలికి పోయిందో ఎవరూ చూడలేదు. వచ్చినప్పుడు ఆమె చేతిలో నిండు బకెట్టు, చీపురు ఉన్నాయి. వాటిని తెచ్చి కిరణ్ కుమార్ కాళ్ల ముందు పెట్టింది. బేరం చెడిపోయిన ఇల్లు ఇంకెన్నేళ్లకి అమ్ముడవుతుందో ఆమెకి తెలియక కాదు.

"పొద్దునే కడిగా బాబూ. పోయి నీళ్లు పోసి రా" అంది.

గోపాలరావు భార్యని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. కిరణ్ కుమార్ బకెట్టు వైపు చూసి, ఆ తర్వాత తల్లి వైపు చూశాడు. ఆ చూపు చాలు సుబ్బరత్నానికి. మోకాళ్ల నొప్పులతో కుర్చీలోంచి లేవలేని మనిషి, మూలుగుతూ లేచి, నడుం వంచి, కొడుకు కోసం బకెట్టు మీద చెయ్యి వేసింది. అరవై ఏడేళ్ల చెయ్యి అది, వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. అత్తగారి మీద ఇన్నేళ్లుగా పేరుకున్న కోపమంతా ఆ చేతిని చూడగానే అపర్ణకి ఎటో పోయింది.

ఆ చెయ్యి మెల్లగా విడిపించి, ఆమెని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీరు కూర్చోండత్తయ్యా. నేనూ చందనా ఆ అద్దె ఇంట్లోనే ఉంటాం, మీరూ మాతోనే. ఆయన ఇది కడిగొచ్చాక చూద్దాం, ఆయన ఎక్కడుంటారో."