తలుపుకు నాలుగు మూరల దూరం

శౌరమ్మ బొడ్లో పదకొండు తాళంచెవులుంటాయి. వాటి గలగల వినబడితే చాలు, బాలుర హోమ్‌లో పిల్లలంతా వరుస కట్టేస్తారు. ప్రతి తలుపుకూ నాలుగు మూరల దూరంలో నేల మీద సున్నం గీత ఉంది. శౌరమ్మ తాళం తీసి, తలుపు తోసి, తలలు లెక్కపెట్టి "పదండి" అన్నాకే ఆ గీత దాటాలి. భోజనానికైనా, స్నానానికైనా, పాఠానికైనా అంతే. పిల్లల్ని ఏడిపించాలని పెట్టిన నియమం కాదది. ఎవరో ఎప్పుడో పెట్టారు, పన్నెండేళ్ళుగా శౌరమ్మ నడుపుతోంది.

చక్రి ఆ గీత దగ్గర నిలబడడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. ఉయ్యూరు దగ్గర చెరుకుతోటల్లో బోరు మోటార్లు విప్పి రాగితీగ అమ్ముకునే పెద్దవాళ్ళ వెంట వెళ్ళాడు. వాళ్ళు పారిపోయారు, వీడు పోలీసులకు దొరికాడు.

ఆటోనగర్ నుంచి సుభాని మేస్త్రి శనివారం శనివారం వచ్చి పిల్లలకు మోటారుకు రాగితీగ చుట్టే వైండింగ్ పని నేర్పుతాడు. మొదటిరోజు చక్రిని అడిగాడు, "ఎప్పుడైనా మోటారు విప్పావా?" అని. పిల్లలంతా గొల్లున నవ్వారు.

"విప్పడం బాగా వచ్చండి. చుట్టడమే రాదు," అన్నాడు చక్రి తల దించుకుని.

మేస్త్రి నవ్వలేదు. "సగం పని వచ్చన్నమాట. కూర్చో."

హోమ్‌లో ఉంటూనే పదో తరగతి గట్టెక్కాడు చక్రి. ఐటీఐకి దరఖాస్తు పెట్టించింది కూడా మేస్త్రే. "ఎలక్ట్రీషియన్ సీటు తెచ్చుకో. సాయంత్రాలు నా షెడ్డులో పని చేసుకో. కాయితం లేకపోతే నాలాగా ఎవరో ఒకరి పేరు మీద పని చేస్తూ ముసలాడివైపోతావు," అన్నాడు.

ఇంకో మూడు వారాల్లో విడుదల. సీటొస్తే హాస్టలొస్తుంది. రాకపోతే సొంతూరికే పోవాలి. తర్వాత పట్టుబడిన ఆ పెద్దవాళ్ళు ఊళ్ళో బెయిలు మీద తిరుగుతున్నారు. ఇద్దరు ఇప్పటికే చక్రి ఎప్పుడొస్తాడని వాళ్ళమ్మను అడిగి వెళ్ళారు.

ఐటీఐ సీట్ల కౌన్సెలింగ్ నాడు వెంట వెళ్ళాల్సిన ఆఫీసరుకు కోర్టు పని పడింది. సూపరింటెండెంటు గారు శౌరమ్మను పంపారు. తాళంచెవులు వాచ్‌మన్‌కి అప్పగించి బయల్దేరితే ఆవిడకు నడుము ఖాళీగా అనిపించింది.

సిటీబస్సు వచ్చి ఆగింది. అందరూ ఎక్కారు. చక్రి కిందే నిలబడి ఆవిడ ముఖం చూస్తున్నాడు.

"ఏంట్రా, బస్సుకి కూడా మంచిరోజు చూడాలా? ఎక్కు," అంది శౌరమ్మ. అప్పుడెక్కాడు. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

ఐటీఐ వరండా నిండా జనం. లోపలి గదిలోంచి నంబర్లు పిలుస్తున్నారు. చక్రిది నలభై ఒకటి. ముప్పై రెండు నడుస్తుండగా, జిరాక్సులు రెండు సెట్లు కావాలని అటెండరు చెప్పాడు.

"నేను తెస్తా. ఈలోగా పిలిస్తే లోపలికెళ్ళు, కాయితాలు వెనకాలే వస్తాయని చెప్పు," అంది శౌరమ్మ.

జిరాక్సు షాపులో కరెంటు పోయింది. వచ్చి, మళ్ళీ పోయింది. ఆవిడ రొప్పుతూ తిరిగొచ్చేసరికి నలభై ఆరు పిలుస్తున్నారు. చక్రి గది తలుపుకు ఎదురుగా, సరిగ్గా నాలుగు మూరల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కడ గీత లేదు. అయినా ఉన్నట్టే నిలబడ్డాడు.

"పిలవలేదా?"

"పిలిచారు పెద్దమ్మా. మూడుసార్లు."

"మరి?"

"తలుపు మూసుంది."

స్ప్రింగు తలుపది, ఎవరు వెళ్ళినా దానంతటదే మూసుకుంటుంది. తిట్టబోతుంటే శౌరమ్మకు తట్టింది. రెండేళ్ళలో వీడు తన చేత్తో ఒక్క తలుపూ తియ్యలేదు. అన్నీ తనే తీసింది.

అటెండర్ని బతిమాలింది. "తప్పిన నంబర్లు ఆఖర్న పిలుస్తారమ్మా. అప్పటికి ఏ సీట్లుంటాయో మాత్రం చెప్పలేను," అన్నాడతను.

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి ఒకమ్మాయి బయటికొచ్చి, "ఎలక్ట్రీషియన్ వచ్చింది నాన్నా, ఆఖరిదంట," అంది. చక్రి విన్నాడు. గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

చివరికి వినబడింది. "నలభై ఒకటి."

చక్రి లేచి నాలుగు మూరల దూరంలో ఆగి, వెనక్కి చూశాడు. శౌరమ్మ చెయ్యి దానంతటదే తలుపు వైపు లేచింది. ఆవిడ ఆ చేత్తో పైటకొంగు గట్టిగా పట్టుకుంది.

"నేను తియ్యన్రా."

"పెద్దమ్మా..."

"దానికి తాళం లేదు. వెళ్ళు."

అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, ముందుకెళ్ళి తలుపు తోశాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా తోశాడు.

"లాగు బాబూ," అన్నాడు అటెండరు.

లాగాడు. లోపలికి వెళ్ళాడు. వెనక తలుపు మూసుకుంది.

పది నిమిషాల తర్వాత తలుపు తనే తోసుకుని బయటికొచ్చాడు. "వైర్‌మన్ సీటు ఇచ్చారు."

"హాస్టలో?"

"ఉందంట."

శౌరమ్మ అక్కడే మేస్త్రికి ఫోన్ చేసింది. "అదీ రెండేళ్ళ కోర్సే. సాయంత్రాలు షెడ్డు పని మాత్రం మానొద్దని చెప్పు," అన్నాడాయన. "మరి ఎలక్ట్రీషియన్ ఎందుకు పోయింది?" అని అడిగాడు.

"నా వల్లేనండి," అంది. తర్వాత చెప్తానని పెట్టేసింది.

ఆ సాయంత్రం భోజనాలకు పిల్లలు వరుస కట్టారు. శౌరమ్మ తాళం తీసి, తలుపు తొయ్యకుండా పక్కకు జరిగింది. ఎవరూ కదల్లేదు.

"ఏంటి పెద్దమ్మా, చెయ్యి నొప్పా?" అన్నాడొకడు.

"నొప్పే. ఇవాళ్టి నుంచి రోజుకొకడు తొయ్యండి. లెక్క లోపల చూసుకుంటా."

ముందున్నది పదమూడేళ్ళవాడు. గీత దాటి, తలుపు దగ్గరకెళ్ళి, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. వరుస చివర్నుంచి చక్రి అన్నాడు:

"ముందు తోసి చూడు. రాకపోతే లాగు."