మడమ కింద అట్టబిళ్ళలు

రోజూ పొద్దున ఓట్సు తినగానే లేస్యా వంటింటి గోడకి వీపు ఆనించి నిలబడేది. వాళ్ళ నాన్న ఒరెస్ట్ నేల మీద బోర్లా పడుకుని, పిల్ల ఎడమ మడమ కింద అట్టబిళ్ళలు ఒక్కొక్కటే దూర్చేవాడు. అతను పనిచేసే ఐసు హాకీ అరీనా క్యాంటీన్లో బీరు గ్లాసుల కింద వేసే బిళ్ళలవి. మడమకీ నేలకీ మధ్య ఇక సందు లేదనిపించాక లెక్క చెప్పేవాడు. కరోనా వచ్చి మార్చిలో ఈతకొలను మూసేసిన నాటికి ఒక్క బిళ్ళ కూడా పట్టేది కాదు. నవంబరుకి ఐదు పడుతున్నాయి.

లేస్యాకి తొమ్మిదేళ్ళు. పుట్టేటప్పుడు మెదడుకి ఊపిరి అందక ఎడమ కాలు బిగుసుకుపోయింది. ఆరో ఏడు వచ్చాకగానీ ఆసరా లేకుండా నడవలేదు. ఆ నడకని నిలబెట్టింది మందులు కావు, వారానికి మూడు రోజుల ఈత, బళ్ళో ఆటల పీరియడు. ఎముక పెరిగేకొద్దీ పిక్క కూడా సాగాలి, సాగకపోతే మడమ పైకి లేచిపోతుంది. అలాంటి పిల్లకి కొలనూ బడీ రెండూ మూసేశారు. పార్కులో ఊయలలకి పసుపు పట్టీ చుట్టారు. మద్యం షాపు మాత్రం తెరిచే ఉంది, అది అత్యవసరమట. ఎవరిని తప్పుపట్టాలో ఒరెస్ట్‌కి తెలియలేదు. రోగం నిజమే, చచ్చిపోతున్నవాళ్ళూ నిజమే. అతని భార్య హాల్యా వృద్ధాశ్రమంలో ఆయా, ఆ శవాలకి బట్టలు మార్చింది తనే. కానీ పెరగడం ఆపమని పిల్ల ఎముకలకి చెప్పినవాళ్ళు లేరు. ఎనిమిది నెలల్లో లేస్యా మూడంగుళాలు పెరిగింది.

విన్నిపెగ్ నగరం నుంచి మోనీక్ అనే ఫిజియోథెరపిస్టు వారానికోసారి కంప్యూటర్లో కనిపించి వ్యాయామాలు చేయించేది. మంచి మనిషే, కానీ తెరలోంచి కాలు పట్టుకుని సాగదీయలేదు కదా. ఆ పని ఒరెస్ట్ చేయబోతే పిల్ల ఏడ్చి సోఫాలో ముడుచుకునేది. మడమ ఇలాగే లేస్తూ పోతే వెనక నరం కోసి పొడుగు చేయాల్సి వస్తుందని మోనీక్ మెల్లగా చెప్పింది. తర్వాత మళ్ళీ మొదటి అడుగు నుంచి నేర్చుకోవాలి, ఈసారి ఆసరా లేకుండా నడుస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ఇష్టంగా, మోకాళ్ళు వంచి చేసే పని ఏదైనా దొరికితే అదే చేయించమంది.

స్కేటింగ్ చేస్తానని లేస్యానే అంది. ఒరెస్ట్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. అరీనాలో ఐసు వేసేది అతనే, ఇరవై రెండేళ్ళుగా అదే పని. అరీనాకి తాళం పడ్డాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. పెరట్లో మంచు తొక్కి చదును చేసి, గొట్టం పట్టుకుని పల్చగా ఒక పూత, అది పూర్తిగా గడ్డకట్టాక ఇంకో పూత, అలా పన్నెండు రోజులు ఓపిక పట్టాడు. ఒకేసారి నీళ్ళు నింపితే పైన పెచ్చు కడుతుంది, కింద నీళ్ళు గడ్డకట్టకుండానే ఇంకిపోయి డొల్ల మిగులుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి అతను మొదటిరోజే చెప్పే పాఠం అది.

ఆ ఊళ్ళో పిల్లలందరూ నేర్చుకున్నట్టే లేస్యా కూడా వంటింటి కుర్చీని ముందుకు తోసుకుంటూ నేర్చుకుంది. మొదటి రోజు రెండు చుట్లు, వారానికల్లా ఇరవై. నాన్నని వెనక్కి పొమ్మనేది, అడ్డమొస్తే గుద్దేస్తానని బెదిరించేది. క్రిస్మస్ నాటికి ఐదు బిళ్ళలు మూడయ్యాయి. హాల్యా డ్యూటీ నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా గ్యారేజీలోంచే ఎన్ని అని అడిగేది. మూడు అని విన్నరోజు అక్కడే నిలబడి ఏడ్చింది.

జనవరిలో వేళగాని వేడి వచ్చి పడింది. నాలుగు రోజుల్లో పెరట్లో ఐసంతా నీటిగుంట అయింది. పిల్ల మళ్ళీ సోఫా ఎక్కింది. తర్వాత వారం ఆరు బిళ్ళలు పట్టాయి, ఆ పై వారం ఏడు. వచ్చే శుక్రవారం కొలిచి సర్జనుకి పంపాలని మోనీక్ చెప్పింది. మళ్ళీ చలి పడింది సోమవారం నాడు. పన్నెండు రోజులు చేయాల్సిన పనికి నాలుగు రోజులున్నాయి.

ఒరెస్ట్ గొట్టం తెరిచి, మూయలేదు. ఒక పూటంతా నీళ్ళు పారించాడు. మర్నాడు పైన ఐసు అద్దంలా తయారైంది. దాని మీదకి వెళ్ళి బూటు మడమతో తట్టాడు. మధ్యలో ఒకచోట మోత తేడాగా వచ్చింది. ఆ మోత ఏమిటో అతనికి బాగా తెలుసు. బరువైన తనని మోసినప్పుడు పిల్లని మోయదా అని సర్దిచెప్పుకున్నాడు. అక్కడ పగలగొట్టి మళ్ళీ నీళ్ళు పోసి, ఇంకొక్క రోజు ఆగి ఉంటే బాగుండేది. ఆ మాట అతను తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్క లేదు.

లేస్యా మూడు చుట్లు బాగానే తిరిగింది. నాలుగో చుట్టులో, బలహీనమైన ఎడమ కాలికి ఆసరాగా ఒంటి బరువంతా కుడికాలి మీద వేసిన చోటే పెచ్చు పగిలింది. జానెడు లోతు కూడా లేదు. స్కేటు అందులో ఇరుక్కుంది, పిల్ల పక్కకి పడింది. విరిగింది మంచి కాలు.

ఆరు వారాలు కట్టు. నిలబడటానికి ఉన్న ఒక్క కాలూ కట్టులో ఉంటే ఇంకోటి సాగేదెక్కడ. పిల్లని స్నానాల గదికి అతనే ఎత్తుకెళ్ళేవాడు. ఎలా జరిగిందని హాల్యా ఒక్కసారి అడిగింది. ఐసు పగిలిందన్నాడు. ఎందుకు పగిలిందని అడగలేదు. ఐసు వేసేవాడి పెళ్ళానికి ఆ సంగతి తెలియకుండా ఉండదు.

మార్చిలో కట్టు విప్పారు. మర్నాడు పొద్దున లేస్యా అడక్కుండానే గోడ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, గట్టు పట్టుకుని లేచి నిలబడింది. ఒరెస్ట్ బోర్లా పడుకున్నాడు. ఐదు, ఆరు, ఏడు పెట్టాడు. ఇంకా సందుంది. పెడుతూ పోతుంటే చేతిలో దొంతర అయిపోవచ్చింది. చివరికి బిగిసింది.

"ఎన్ని నాన్నా?"

"ఎనిమిది."

అతను తల ఎత్తలేదు.

"నేనూ లెక్కపెట్టా నాన్నా. నువ్వు ఒక్కోటి దూరుస్తుంటే నాకు తెలుస్తుంది."

ఒరెస్ట్ నేల మీదే ఉండిపోయాడు. నా వల్లే అయిందమ్మా, ఆ ఐసు డొల్లని నాకు ముందే తెలుసు అని చెప్పాలనుకున్నాడు. అంతలో గ్యారేజీ తలుపు తీసిన చప్పుడైంది. రాత్రి డ్యూటీ దిగి హాల్యా వచ్చింది, అక్కణ్ణించే ఎన్ని అని కేకేసింది.

"ఎనిమిదమ్మా," అని అరిచింది లేస్యా. తర్వాత గట్టు పట్టుకునే నెమ్మదిగా కిందికి జారి కూర్చుని, అమ్మ లోపలికి వచ్చేలోగా పదమూడు బిళ్ళలూ ఏరి, ఐదింటిని నాన్న చొక్కా జేబులో పెట్టింది.