పోయొస్త అన్న ఫోను

ప్రీతి తీస్తున్న సినిమాలో నాది ముసలాయన వేషం. మేకప్ అక్కర్లేదని ఆమె మొదటిరోజే చెప్పింది. నాకు జోడీ ఒక ఫోను.

కథ ఇంకో పదిహేనేళ్ల తర్వాత జరుగుతుంది. ఒంటరి మనిషి దగ్గర మాట్లాడే ఫోను ఉంటుంది. బీపీ మాత్ర గుర్తు చేస్తుంది, ఆయన దేనికి అలిగాడో కూడా కనిపెడుతుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడుతుంది. ఒక సాయంత్రం ఆ ఫోను శాశ్వతంగా మూగబోవాలి.

ప్రీతి మా పక్కింటి జాన్సన్ కూతురు. జాన్సన్ కాజీపేట లోకోషెడ్‌లో ఇంజన్లు బాగుచేస్తాడు. హైదరాబాద్‌లో సినిమా కోర్సు చదువుతానని కూతురు అడిగితే ఆయన కోప్పడలేదు, ఒప్పుకోనూ లేదు. ముందు ఒక సినిమా తీసి చూపించమన్నాడు. ప్రీతి ఇదే కథ తీసింది. అది చూశాక, ఫోను మాట్లాడుతున్నట్టు లేదు, గోడ వెనక దీప మాట్లాడుతున్నట్టుందన్నాడు. దీప ప్రీతి స్నేహితురాలు. ఫోనుకు గొంతు ఇచ్చింది నిజంగానే మా వంటింటి గోడ వెనక నిలబడి. ఇంకొక్కసారి తీయమని, అప్పుడూ నమ్మించలేకపోతే బీఎడ్‌కు దరఖాస్తు పెట్టాలని జాన్సన్ తేల్చేశాడు. ఆ ఇంకొక్కసారి ఈ ఆదివారమే. సాయంత్రం ఆయన చూస్తాడు.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. నటన రాదు గానీ, యంత్రానికి మనసెలా వస్తుందో తెలుసుకోవాలనే ఆసక్తి మాత్రం ఉంది. ప్రీతి నాకు ఇలాంటి సినిమాలు చాలా చూపించింది. వాటిలో ఫోన్లు మనుషుల్ని ప్రేమిస్తాయి, వెంటాడతాయి, చంపుతాయి కూడా. ఛార్జర్ వైరు అందక గోడకు ఆనుకుని నిలబడి మాట్లాడే మనిషి మాత్రం ఒక్క సినిమాలోనూ కనబడలేదు. ఆ మాట అంటే ప్రీతి నవ్వి, వెంటనే దాన్ని తన కథలో రాసుకుంది.

చర్చి నుంచి వాళ్లు రాగానే షూటింగ్ మొదలైంది. గూడ్సు బండి దాటిపోయేదాకా ఆగాము. ఫోను నా అరచేతిలో ఉంది. గోడ వెనక నుంచి దీప మెల్లగా పలికింది.

"నా సమయం అయిపోయింది. నేను పోతున్నాను."

నేను మౌనంగా చూడాలి. కానీ నోరు ఆగలేదు. "పోతున్న అనొద్దు. పోయొస్త అనాలె," అన్నాను ఫోనుతో, చిన్నపిల్లను మందలించినట్టు.

వంటింట్లో దీప పకపకా నవ్వింది. మళ్లీ తీశారు. మళ్లీ అదే మాట జారింది. మూడోసారికి పెదవులు బిగపట్టుకున్నాను గానీ తల అడ్డంగా ఊగింది. ప్రీతి కెమెరా దించి నా పక్కన కూర్చుంది. ముఖంలో విసుగు లేదు, భయం ఉంది. ఆ భయాన్ని నా మీదికి కోపంగా మార్చకపోవడం ఆ పిల్ల మంచితనం.

"పెద్దనాన్నా, అది మళ్ల రాదు. రానని దానికి ఎరుకే. ఎరుకుండి పోయొస్త అంటే అబద్ధం గాదా? నా ఫోన్ అబద్ధమాడదు."

నాకూ అదే సందేహం వచ్చింది. అబద్ధమంటే అవతలివాడు మోసపోవాలి కదా. ఈ మాటకు మోసపోయేదెవరు?

"మీ పెద్దమ్మను ఆపరేషన్‌కు లోపలికి తీస్కపోయేటప్పుడు పోయొస్త అన్నది," చెప్పాను. "నేను 'మంచిది' అన్న. డాక్టరు ముందే అంతా చెప్పిండు. ఇద్దరికీ ఎరుకే బిడ్డా."

నా భార్య యమున పోయి నాలుగేళ్లయింది. ఆ పూట మా ఇద్దరికీ మాట దొరకడమే గొప్ప అని ఇప్పటికీ అనుకుంటాను.

ప్రీతి నా చేతిలోని ఫోను వంక చూసింది. "మరి దానికి ఈ మాట ఎవరు నేర్పిన్రు?"

ఇదీ అసలు ప్రశ్న. ఇద్దరం ఆలోచించాం. కంపెనీవాళ్లు నేర్పరు. ముసలాయన కూరగాయలకు పోయేటప్పుడు దాన్ని ఛార్జింగ్‌కు పెట్టి పోతాడు కదా, అప్పుడు ఇంట్లో ఇంకెవరూ లేక దానికే చెప్పి పోతాడేమో అన్నాను. ప్రీతి లేచి నాకు సంచి తెచ్చిచ్చింది. గడప దగ్గర నిలబడి, ప్లగ్గుకు వేలాడుతున్న ఫోనుతో పోయొస్త అని చెప్పి బయటికి నడిచాను. మూడు వేర్వేరు రోజుల్లా కనిపించేలా, మూడు చొక్కాలు మార్చి తీశారు. తర్వాత చివరి సీను. దీప ఈసారి అచ్చు పుస్తకంలా కాకుండా, నా యాసలో, నా సాగదీతతో "పోయొస్త" అంది. నేను మౌనంగా చూడగలిగాను.

సాయంత్రం జాన్సన్ మా ముందుగదిలోనే లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ప్రీతి గోడకానుకుని తండ్రి ముఖమే చూస్తోంది. సినిమా అయిపోయాక కూడా ఆయన నల్లటి తెరవైపే చూస్తున్నాడు. దీప గోళ్లు కొరుక్కుంది.

"కంపెనీ పోతే పోయింది," అన్నాడు జాన్సన్ నెమ్మదిగా, నావైపు తిరిగి. "సారూ, దాన్ని విప్పి చూపిస్తే కాదా? మా షెడ్ల సదానందమని ఒకాయన ఉన్నడు. ఎసుంటిదన్న బాగుచేస్తడు."

ప్రీతి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. దీప ఆగలేకపోయింది. "అంకుల్, అది నేనే."

జాన్సన్ చెవులదాకా ఎర్రబడ్డాడు. తుండుతో మెడ తుడుచుకుని, కూతురి వైపు చూడకుండానే అడిగాడు.

"ఆ కోర్సుకాడ ఆడపిల్లలకు హాస్టలు దగ్గర్లనే ఉన్నదా?"