జనం దిగొద్దూ?

రిటైరైన బస్సు కండక్టరు ఆయాసం తగ్గడానికి రెండేళ్లుగా రోజూ పొద్దున్నే తన పాత రూటులో నడుస్తున్నాడు. మొదట్లో ప్రతి స్టాపులోనూ కూలబడేవాడు. "ఇంతసేపేంటండీ?" అని భార్య అడిగితే, "స్టాపుల్లో జనం దిగొద్దూ?" అని బుకాయించేవాడు.

ఇవాళ ఆవిడ కూడా మోకాళ్లను తిట్టుకుంటూ తోడు బయల్దేరింది. వీధంతా మంచు దూదిలా కమ్ముకుంది. ఎన్నడో దిగిపోయిన ప్రయాణికులంతా మళ్లీ ఎక్కి కూర్చున్నట్టూ, తన డెబ్బై రెండేళ్ల కాళ్లు చక్రాలై దొర్లుతున్నట్టూ ఆయనకు అనిపించింది. అలా తేలిపోతూ మూడు స్టాపులు దాటాక గానీ తెలివిలోకి రాలేదు. ఎక్కడా ఆగలేదు, ఆయాసమూ లేదు. పక్కన భార్యా లేదు!

కంగారుగా వెనక్కి పరుగెత్తాడు. మొదటి స్టాపు బెంచీ మీద ఆవిడ రొప్పుతూ కూర్చుని ఉంది.

"అలిసిపోయావా?"

"నేనా? భలేవారే! జనం దిగొద్దూ?"