ఇద్దరు శోభలు, ఒక క్షోభ

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో ఎలీయాజరు గారింట్లో ఆ సాయంత్రం పెళ్లిచూపులు. అయితే చూడ్డానికొచ్చింది అబ్బాయిని. హౌరా నుంచి పెళ్లికూతురు కారుణ్య, తండ్రి శామ్సన్ వచ్చారు. వాళ్లకు అండగా పలాస నుంచి రైలెక్కి మేనత్త మేరీరాణి దిగింది. ఆవిడ 'ఊఁ' అంటే పెళ్లి, 'ఉహూఁ' అంటే లేదు. కారుణ్యకు మాత్రం ఎలీయాజరు గారబ్బాయి ఇవాన్ ఎప్పుడో నచ్చేశాడు. భవానీపూర్‌లో ఆమె ఆఫీసుకి ఎదురుగానే అతను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటరు.

ఆ సమయానికి పెళ్లికొడుకు లోపలి గదిలో ఫోను పట్టుకుని ఉన్నాడు. ఖరగ్‌పూర్‌లో ఉన్న చిన్నాన్న కూతురు నిషాకి మర్నాడు సివిక్స్ పరీక్ష. గుమ్మానికి తెర ఉంది గాని, గొంతుకి తెర ఉంటుందా? ఇవాన్ పుట్టిందీ పెరిగిందీ కలకత్తాలోనే. తెలుగు ఇంట్లో నేర్చాడు, నాలుక మాత్రం వీధిలో తిప్పాడు. బెంగాలీ గాలి సోకిన ఆ నాలుక మీద 'స' నిలవదు, 'శొ' అయి కూర్చుంటుంది.

"మనకి రెండిళ్లు నిషా," అంటున్నాడు. "కిందిల్లు లోక్ శోభా, పైయిల్లు రాజ్య శోభా."

మేరీరాణి మూతి దగ్గర టీ కప్పు ఆగిపోయింది.

"లోక్ శోభా ఐదేళ్లే. కావాలంటే ముందే రద్దు చెయ్యొచ్చు. రాజ్య శోభా అలా కాదు, ఎప్పటికీ రద్దవదు. పర్మనెంటు."

"ఏటీ!" మేరీరాణి తమ్ముడి చెవిలోనే అంది గాని, వీధి చివరిదాకా వినబడింది. "ఇన్నావేటి శామ్సనూ? రెండిళ్లంట! కిందొక శోభంట, పైనొక శోభంట! ఒకర్తి టెంపరవరీ, ఒకర్తి పర్మనెంటు!"

ఇవాన్ తల్లి విజయ కుమారి పప్పు చెక్కల పళ్లెం ముందుకు జరిపింది. ఇన్నేళ్లూ ఆ మాటని బెంగాలీ ఉచ్చారణలో విని విని, అందులో తప్పేమిటో ఆవిడకి తట్టనే లేదు.

"శోభా గురించే కదొదినా, అందులో ఏటుంది? లోక్ శోభా కోసం మా ఇంట్లో అందరం లైన్లో నిలబడ్డోళ్లమే. మా ఆయనైతే తెల్లారకముందే ఎలిపోతారు!"

ఎలీయాజరు గర్వంగా మీసం దువ్వుకున్నాడు. మేరీరాణికి ఒళ్లు మండిపోయింది. తండ్రీ కొడుకులిద్దరూనా!

లోపల పాఠం ఆగలేదు. "లోక్ శోభాకి జనమే డైరెక్టుగా ఎన్నుకుంటారు. రాజ్య శోభాకి ఎమ్మెల్యేలు. పన్నెండుమందిని రాష్ట్రపతే పంపుతారు."

"రాష్ట్రపతి గారికీ తెలుసంట!" మేరీరాణి లేచి నిలబడింది. "పద శామ్సనూ. ఇద్దరు శోభలున్న కొంపలో మన పిల్లకింకేటి శోభ? క్షోభే. ఇంక శోభనం కూడానా!"

కారుణ్య చటుక్కున లేచింది. అత్త గడప దాటితే సంబంధం చెయ్యి దాటినట్టే. మరుక్షణం సంగతి అర్థమై, నవ్వు ఆపుకుంటూ తెర వైపు తిరిగి కేకేసింది.

"ఇవాన్ గారూ! లోక్ శోభాలో ఎంతమంది?"

"ఐదువందల నలభై మూడు!"

"రాజ్య శోభాలో?"

"రెండువందల నలభై ఐదు!"

మేరీరాణి కుర్చీలో కూలబడింది. "ప్రభువా! ఇది ఇల్లా, హౌరా స్టేషనా?"

"పార్లమెంటు అత్తా!" కారుణ్య పగలబడి నవ్వింది. "లోక్‌సభ, రాజ్యసభ. మనం ఓట్లేస్తాం కదా, అదీ. ఇక్కడోళ్ల నోట్లో సభ కాస్తా శోభైపోద్ది."

గోల విని ఇవాన్ బయటికొచ్చాడు. మేరీరాణి అతన్ని ఎగాదిగా చూసింది. అసభ్యుడనుకున్నవాడు ఉత్త 'శొభ్యుడు' అని తేలింది.

"ఏదీ బాబూ, సభ అను."

"శోభా."

"సముద్రం."

"శొముద్రం."

"సరే, సంబంధం?"

"శొంబంధం ఇష్టమేనండి," అన్నాడు ఇవాన్, కారుణ్య వైపు చూస్తూ.

మేరీరాణి మొహం విచ్చుకుంది. పళ్లెంలోంచి చెక్క తీసి ఫెళ్లున కొరికింది.

"అక్కా," అన్నాడు శామ్సన్, "పెద్దల సభ ఆమోదించినట్టేనా?"

"ఆమోదించీసినాను. మరి కింది సభ ఏటంటాది?"

అందరూ కారుణ్యని చూశారు. ఆమె చెయ్యెత్తింది. "నాది డైరెక్టు ఓటే. కానీ ఐదేళ్ల లోక్‌సభ నాకొద్దు. రద్దవనిదే కావాలి."

ఇవాన్‌లోని మాస్టారు ఊరుకోలేకపోయాడు. "దాంట్లో కూడా రెండేళ్లకోమారు మూడోవంతు దిగిపోతారండీ..."

"ఎవరైనా దిగనివ్వండి," అంది కారుణ్య, అతని పక్క కుర్చీలో కూర్చుంటూ. "నేను మాత్రం సీటు కదల్ను."